ఎవరి వాకిటి మంచు

రాత్రంతా సరస్సు మీది గాలి ఆగలేదు. సైమా తలుపు తీసేసరికి మెట్లు కనిపించలేదు. పై మెట్టు ఉండాల్సిన చోట బూటు గుచ్చి చూసి, చెక్క తగిలాక రెండో కాలు వేసింది. వసారా దీపం వెలుగులో మంచు ఇంకా పడుతూనే ఉంది, తనకేమీ తొందర లేదన్నట్టు.

గోడకు ఆనించిన మంచుచేటను తీసి దులిపింది. మనిషి భుజాలకంటే కాస్త ఎక్కువ వెడల్పున్న రేకు చేట అది. వెనకాల వంచిన ఇనపగొట్టం పిడి. దాన్ని మంచులోకి గుచ్చి, మోకాలితో ఒక్క తోపు తోసి, పిడి కిందికి నొక్కితే ముందు అంచు లేస్తుంది. ఇక ఎత్తే పని లేదు. చేట దానంతటదే జారుతుంది, వెనకాల నడిస్తే చాలు. నవంబరులో చేతులు బొబ్బలెక్కాయి. ఇప్పుడు సైమాకి ఆ జారుడు ఇష్టం. పిడి మీద బరువు వేసి వాలులో రెండడుగులు కాళ్ళు పైకెత్తి జారుతుంది కూడా, ఎవరూ చూడకపోతే.

నాన్న ఆర్వో వంటింటి కిటికీలోంచి చూస్తున్నాడు. కుడిచెయ్యి మెడకు కట్టి ఉంది, ఎడంచేతిలో కాఫీ. భుజానికి ఆపరేషన్ అయ్యాక ఈ చలికాలం వాకిలి సైమాది. నాన్నయితే మంచు ఊదే యంత్రంతో అంతా పక్క పొలంలోకి విసిరేవాడు. ఆ యంత్రాన్ని తిప్పడం సైమా వల్ల కాలేదు. అందుకని చేట.

మంచు రోడ్డు మీద పడెయ్యకూడదు. ఆ సంగతి ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. రోడ్డు అంచున కుప్ప పెట్టాలి, అదీ కుడిపక్క, రోడ్డు మీది మంచు తోసే మంచులారీ పోయే వైపు. ఎడమపక్క పెడితే లారీ దాన్నంతా మళ్ళీ మన వాకిట్లోకే ఈడ్చుకొస్తుంది. నాన్న మొదటిరోజే నేర్పాడు. సైమా కుప్పలు బొమ్మగీసినట్టు ఉంటాయి. చేట వీపుతో నాలుగువైపులా తట్టి మరీ నిలబెడుతుంది.

లారీ వచ్చింది. ముందు పసుప్పచ్చ దీపం తిరగడం కనిపించింది, తర్వాత ఇనుము రోడ్డును గీకే చప్పుడు. సైమా మెట్ల మీదికి ఎక్కి నిలబడింది. లారీ ముందు పలక మంచును చీలుస్తూ, పక్కరెక్క రోడ్డంచు మంచు గట్టును ఒరుసుకుంటూ వాళ్ళ వాకిలి దాటింది. తర్వాత ఫిర్ చెట్లు, తర్వాత హెల్మి ఇల్లు, తర్వాత రోడ్డు వంపు. హెల్మి ఇంటి దగ్గరికి రాగానే లారీ నెమ్మదించింది. రోజూ అక్కడే నెమ్మదిస్తుంది. దీపం వంపు తిరిగి మాయమైంది.

సైమా చేట పట్టుకుని హెల్మి ఇంటికి వెళ్ళింది. ఈ మధ్య అది కూడా పొద్దుటి పనే అయింది.

హెల్మి కారు స్టార్టు చేసి ఉంచింది. కారుకీ రోడ్డుకీ మధ్య, వాకిలి నోట్లో, నడుమెత్తు మంచు. తేలికగా పడిన మంచు కాదు. లారీ నొక్కి నొక్కి తెచ్చింది, రాయిలా ఉంది.

"చూశావుటే అమ్మాయ్, మా మరిది ప్రేమ?" అంది హెల్మి పార మీద కాలేసి. "మీ వాకిలి చూడు, దువ్వుకున్న జుట్టులా ఉంది. అటు పక్క లహ్తీ వాళ్ళదీ శుభ్రంగానే ఉంది. ఊరి మంచంతా నాకే వడ్డించాడు."

"లేటయిందా అత్తా?"

"కాక మరీ? ఆస్పత్రిలో గంజి కాచాల్సింది నేను. రోగులక్కడ గిన్నెలు మోగిస్తుంటారు, నేనిక్కడ కొండలు తవ్వుతుంటాను. ఇంకోసారి లేటయితే వేరే మనిషిని చూసుకుంటానంది మా పైదొరసాని."

సైమా చేట గుచ్చింది. దిగలేదు. హెల్మి పారతో పగలగొట్టింది, సైమా ముక్కలు తోసుకుపోయింది. హెల్మి చిన్నగా, గట్టిగా ఉండే మనిషి. నలభై దాటాయి. సెప్టెంబరులో భర్త రూడీని ఇంట్లోంచి పంపేసింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. మంచులారీ నడిపే వైనో రూడీకి తమ్ముడు.

"మీ మేడమీది కిటికీలోంచి నా వాకిలి కనిపిస్తుంది కదూ?" అంది హెల్మి ఊపిరి తీసుకుంటూ. "లారీ నా దగ్గరకొచ్చేసరికి నెమ్మదించడం చూశావా, లేదా?"

"చూశాను."

"రోజూ?"

"ఊఁ."

"చాలు. నువ్వు అబద్ధమాడే పిల్లవి కాదని ఊరంతటికీ తెలుసు. అసలు నువ్వు మాట్లాడితే కదా అబద్ధమాడ్డానికి." హెల్మి నవ్వి, మళ్ళీ ముఖం బిగించింది. "రోడ్ల ఆఫీసుకి ఫోన్ చేశాను. శుక్రవారం పొద్దున అక్కడి ఆఫీసరు ట్రెవారో గారు స్వయంగా వస్తానన్నాడు. ఇప్పుడు నాతో అన్న మాటే ఆయనతో అను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ వద్దు."

సైమాకి మెడ వెనక వేడిగా అయింది. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాలుక అంగిలికి అంటుకుపోతుంది. అయినా తల ఊపింది. కారు బయటపడింది. హెల్మి అద్దం దింపి, కాగితంలో చుట్టిన ఏలకుల రొట్టె ముక్క సైమా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం బడి బస్సు గుట్ట ఎక్కేదాకా ఎండ. పట్నంలో మనుషులు కోటు గుండీలు విప్పుకుని తిరుగుతున్నారు. గుట్ట దిగుతుంటే ఎదురుగా తెల్లగోడ. బస్సు ముక్కు అందులోకి దూరింది, తర్వాత తోక. డ్రైవరు దీపాలు వేశాడు. ఎవరూ తల ఎత్తి చూడలేదు. సైమా మాత్రం నుదురు అద్దానికి ఆనించి చూసింది. రోజూ చూస్తుంది. ఆ గోడకు అంచు ఉంటుంది. ఒక చెట్టు మీద ఎండ, పక్క చెట్టు మీద మంచు.

ఎందుకని బళ్ళో అడిగితే మాస్టారు చెప్పాడు. సుపీరియర్ సరస్సు ఇంకా గడ్డకట్టలేదు, నీళ్ళు గాలికంటే వెచ్చగా ఉన్నాయి, చలిగాలి ఆ ఆవిరిని మోసుకొచ్చి తగిలిన మొదటి ఎత్తు మీద దించేస్తుంది. సలో ఊరు ఆ మొదటి ఎత్తు మీద ఉంది. అర్థమైంది. అయినా సైమాకి ఆశ్చర్యం తగ్గలేదు. మేఘానికి సలో మీద కోపం లేదు, పట్నం మీద ప్రేమా లేదు. అయినా ఇక్కడ కప్పులు కూలేంత, అక్కడ చుక్క లేదు. మరి లారీ? లారీలో మనిషి ఉన్నాడు.

పాలు కొనడానికి కొట్టు దగ్గర దిగింది. పొయ్యి పక్కన ఇద్దరు ముసలివాళ్ళు కూర్చున్నారు. వైనో గల్లా దగ్గర రొట్టె, సాసేజీ పెట్టి నిలబడ్డాడు. పొడుగ్గా, వంగి ఉంటాడు. లారీలో గంటల తరబడి కూర్చునీ కూర్చునీ బయట కూడా స్టీరింగు పట్టుకున్నట్టే ఉంటాయి చేతులు.

"ఏం వైనో, ఇవాళ వదినకెంత పెట్టావ్?" అన్నాడొకడు.

"పెట్టుపోతల్లో లోటు చెయ్యడ్రా వాడు," అన్నాడు రెండోవాడు. "అన్న బాకీ తమ్ముడు తీర్చాలి కదా!"

"శుక్రవారం ట్రెవారో వస్తున్నాట్ట. లారీ తాళాలు తీసుకుపోతాట్ట. షెడ్డులో చక్రాలు కడుక్కుంటూ కూర్చో ఇక."

వైనో చిల్లర జేబులో వేసుకున్నాడు. 'నేను కాదు' అనలేదు. 'అవును, నేనే' అనీ అనలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. గుమ్మం దగ్గర సైమా కనిపిస్తే ఆగి, ఆమె లోపలికి వచ్చేదాకా తలుపు పట్టుకున్నాడు.

చెయ్యనివాడు చెయ్యలేదని అంటాడు కదా? పాల సీసా పట్టుకుని ఇంటికి నడుస్తూ సైమా అదే అనుకుంది. కసితో రోజూ పోసేవాడయితే చెవులెందుకు ఎర్రబడతాయి?

"నిజంగా తీసేస్తారా నాన్నా?" అని అడిగింది అన్నాల దగ్గర.

"కావాలని పోసినట్టు తేలితే తీసేస్తారు. ఇరవయ్యేళ్ళ నుంచి వాడికి లారీ తప్ప ఇంకేం లేదు." ఆర్వో ఎడంచేత్తో బంగాళాదుంప పొడుచుకోబోయి జార్చాడు. "నీకెందుకే ఆ గొడవ?"

"హెల్మి అత్త సాక్ష్యం చెప్పమంది."

ఆర్వో కూతుర్ని పరకాయించి చూశాడు. "నువ్వా?" అన్నాడు. నవ్వబోయి మానుకున్నాడు. "సరే. చూసింది చెప్పు. చూడనిది చెప్పకు."

మర్నాడు పొద్దున మళ్ళీ గోడే. హెల్మి పగలగొడుతోంది, సైమా తోస్తోంది. ఈసారి ఒక పెద్ద గడ్డ నిలువునా చీలింది. చీలిన ముఖం మీద బూడిదరంగు చార ఉంది. సైమా చేతితొడుగు తీసి వేలితో రాసింది. వేలికి మసి అంటింది. బూడిద.

"అత్తా, మీ ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా?"

"గ్యాసు. ఏం?"

"బూడిద."

"ఏ ఇంటి చెత్త ఊడ్చుకొచ్చాడో!" అంది హెల్మి, మంచుగడ్డను తన్ని.

సైమా చేట పట్టుకుని అలాగే ఉండిపోయింది. పోయిన శనివారం వాళ్ళింట్లో సౌనా కాచారు. ఆవిరి స్నానాలయ్యాక పొయ్యిలో బూడిదంతా తీసి, జారకుండా మెట్ల ముందు చల్లింది తనే. తర్వాత పడిన మంచుతో పాటు ఆ బూడిదనీ చేటతో తోసి కుప్పలో వేసిందీ తనే.

కానీ ఆ రోడ్డు మీద ఎవరింట్లో సౌనా లేదు? ఎవరు బూడిద చల్లరు? బూడిదకి పేరు రాసి ఉండదు. బస్సు అద్దంలోంచి చూస్తూ సైమా తనకి తాను చెప్పుకుంది. మధ్యాహ్నానికి ఆ మాట మీద నమ్మకం పోయింది. లెక్కల క్లాసులో ముక్కోణం గీయమంటే రోడ్డు గీసింది. తమ వాకిలి, కుడిపక్క కుప్ప, ఫిర్ చెట్ల ముందు ఎత్తైన గట్టు, తర్వాత హెల్మి వాకిలి. పక్కరెక్క కుప్పను పట్టుకుంటే అది ఎక్కడికి పోతుంది? గట్టు దాటి అవతల పడలేదు. గట్టు వెంబడే దొర్లుకుంటూ పోవాలి, గట్టుకు సందు దొరికేదాకా.

ఊహే కదా, అనుకుంది. చూడాలి.

సాయంత్రం అమ్మ పండగ సలాడ్ కోసం బీట్‌రూట్లు ఉడకబెట్టింది. గిన్నె తొట్టి దగ్గర వంచబోతుంటే సైమా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ నీళ్ళు పారబొయ్యకమ్మా. నాకు కావాలి."

"దేనికే? తాగుతావా?"

"చూడాలి."

అమ్మ లిన్నియాకి రోజంతా వృద్ధాశ్రమంలో పనిచేసి కాళ్ళు పీకుతున్నాయి. ఇంకేం అడగలేదు. గిన్నె వదిలేసింది.

సైమా బడి నుంచి వచ్చాక మళ్ళీ తోసి పెట్టిన కుప్ప పైన చేట అంచుతో గుంటలు చేసి బీట్‌రూట్ నీళ్ళు పోసింది. మంచు ఆ ఎరుపును గుటుక్కున తాగేసింది. పైన తెల్లమంచు కప్పి తట్టింది. ఎవరైనా చూస్తే కుప్ప కుప్పలాగే ఉంది. ఇంట్లోకి వస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. బీట్‌రూట్ ఇక్కడే ఉండిపోతే వైనో కావాలని పోస్తున్నట్టు. అక్కడ తేలితే? ఆ పక్కకి ఆలోచన పోనివ్వలేదు.

శుక్రవారం పొద్దున రోజూ చేసినట్టే చేసింది. ఒక్క అడుగు కూడా మార్చలేదు. వాకిలి తోసింది, కొత్త మంచు కుప్ప మీదే వేసింది. లారీ వచ్చింది. దాని వెనకే రోడ్ల ఆఫీసు చిన్న బండి. ట్రెవారో గారు వెనకనుంచి తన కళ్ళతో చూడాలనుకున్నట్టున్నాడు.

పక్కరెక్క కుప్పను తాకింది. సైమా రోజూ మెట్ల మీద నిలబడేది, ఇవాళ రోడ్డు మీదికి పరిగెత్తింది. కుప్ప కూలలేదు. లేచింది. లేచి, దొర్లి, గట్టును పట్టుకుని లారీతో పాటే కదిలిపోయింది. ఫిర్ చెట్ల పొడుగునా బండి దీపాల వెలుగులో ఆ తెల్లటి దొంతర మధ్య ఏదో మెరుస్తూ మునుగుతూ పోయింది. హెల్మి వాకిలి సందు రాగానే, మోసుకొచ్చినవాడు బరువు దించుకున్నట్టు, మొత్తం లోపలికి కూలింది.

హెల్మి కేక వినిపించింది.

సైమా చేరేసరికి చిన్నబండి దీపాలు వాకిలి మీద పడుతున్నాయి. కుప్పంతా ఎర్రటి చారలు. అక్కడక్కడ ముద్దలు ముద్దలుగా ఎరుపు. అంత ఎరుపని సైమా కూడా అనుకోలేదు.

"రక్తం!" అంటోంది హెల్మి. "చూశారా బాబూ, మంచు చాలక చచ్చిన జంతువుని కూడా తెచ్చి నా గుమ్మంలో పోశాడు!"

ట్రెవారో గారు బండి దిగాడు. పట్నం బూట్లతో వచ్చాడు, మొదటి అడుగులోనే చీలమండ దాకా దిగబడ్డాడు. హారను కొట్టి వైనోని ఆపాడు.

వైనో లారీ దిగి వాళ్ళ దగ్గరికి రాలేదు. నేరుగా పక్కరెక్క దగ్గరికి వెళ్ళాడు. చేతితొడుగు తీసేసి ఇనుము అంచు వెంట వట్టి చెయ్యి నిమిరాడు. కింద వంగి చూశాడు. ముఖం పాలిపోయింది.

"ఏం తగల్లేదే," అన్నాడు తనలో తను. "కుక్కయితే చప్పుడు రావాలి. నాకేం వినపడలేదే."

"వినపడదు. కళ్ళూ చెవులూ మూసుకుని పోస్తావుగా!" అంది హెల్మి.

"ఆగమ్మా," అన్నాడు ట్రెవారో. కుప్ప కేసి చూసి ముఖం చిట్లించాడు. "వైనో, లారీ పక్కన పెట్టు. తాళాలు ఇలా ఇవ్వు. తర్వాత మాట్లాడుకుందాం."

వైనో జేబులోకి చెయ్యి పోనిచ్చాడు.

'కాదు' అనాలనుకుంది సైమా. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. నాలుక అంగిలికి అంటుకునే ఉంది. అందరూ తనకంటే ఎత్తుగా, కోపంగా, పెద్దగా ఉన్నారు. తాళాలు గలగలమన్నాయి.

సైమా వంగి, అన్నిటికన్నా ఎర్రగా ఉన్న ముద్ద చేతిలోకి తీసుకుని నోట్లో పెట్టుకుంది.

"ఛీ! ఛీ! ఊసెయ్యవే పిల్లా!" హెల్మి ఆమె మణికట్టు పట్టుకుంది.

సైమా నమిలింది. చల్లదనానికి పళ్ళు జివ్వుమన్నాయి. మింగింది. అప్పుడు నాలుక కదిలింది.

"బీట్‌రూట్," అంది.

హెల్మి ఆమె మణికట్టు వదిలేసింది.

"అమ్మ ఉడకబెట్టింది. నేను పోశాను. మా కుప్పలో." పెదాల చుట్టూ ఎర్రగా ఉంది, తుడుచుకోలేదు. "ఇది మా వాకిటి మంచు. నేను తోసిందే. రోజూ. నేను అంచున పెడతాను, లారీ పట్టుకొస్తుంది. మధ్యలో గట్టు ఎత్తుగా ఉంది కదా, పడ్డానికి చోటు లేదు. ఇక్కడ సందు ఉంది. అందుకని ఇక్కడ పడుతుంది. నేను ఇప్పుడు చూశాను. నిన్న బూడిద... అది కూడా మాదే."

అన్ని మాటలు ఒక్కసారిగా చెప్పడం ఆమెకదే మొదలు. చెప్పేసి నేల చూసింది.

మంచు కిర్రుమంది. నాన్న వస్తున్నాడు, కోటు ఒక్క చేతికే తొడుక్కుని. చివరి మాటలు విన్నట్టున్నాడు. కుప్పను చూశాడు, ఫిర్ చెట్ల వైపు చూశాడు, తమ వాకిలి చూశాడు.

"కుడిపక్క పెట్టమని చెప్పింది నేనే," అన్నాడు. "మన వాకిట్లోకి రాకూడదనే చూశాను. ఆ తర్వాత ఎక్కడికి పోతుందో చూళ్ళేదు. పోయినేడు దాకా పొలంలోకి విసిరేవాణ్ణి కదా, తెలియలేదు."

ట్రెవారో గారు టోపీ తీసి మంచు దులుపుకున్నాడు. ఊపిరి వదిలాడు, ఆవిరి మేఘంలా. "బావుంది. అయితే ఫిర్యాదే లేదన్నమాట. ఏమయ్యా వైనో, ఇన్నాళ్ళూ నోరు విప్పి నేను కాదని ఒక్క మాట అంటే ఏం పోయేది?"

"అనలేకపోయాను."

"ఏం?"

వైనో తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఒకరోజు నేనే పోశాను," అన్నాడు. "మొదటి మంచు నాడు. కావాలనే. మా అన్న సామాను పెట్టెలు వసారా బయట పెట్టి ఉన్నాయి, వాటి మీద మంచు పడుతోంది. చూసి ఒళ్ళు మండింది. రెక్క తిప్పి మొత్తం ఇక్కడ దించాను. తర్వాత ఎప్పుడూ చెయ్యలేదు. కానీ రోజూ పడుతుంటే... నా చెయ్యే అలవాటుగా చేస్తోందేమో అనుకున్నాను."

సైమా తల ఎత్తి చూసింది. ఇంతసేపూ తను మోసుకొచ్చిన సాక్ష్యాన్ని ఈయన ఒక్క క్షణంలో కింద పడేశాడు. ఎందుకు చెప్పాడు? ఎవరు అడిగారు?

ట్రెవారో గొంతు మారింది. "ఒక్కరోజయినా కావాలని చేస్తే కావాలని చేసినట్టే. దానికి రూలు ఒకటే. హెల్మిగారూ, ఫిర్యాదు మీది. మీరు ఊఁ అంటే తాళాలు నాతో వస్తాయి."

హెల్మి కుప్ప మీద చూపు తిప్పలేదు. పార పిడి పట్టుకున్న చేతులు ఒకసారి బిగిశాయి, వదులయ్యాయి.

"ఆ పెట్టెలు మంచులో నేను పెట్టలేదు," అంది చివరికి, వైనోతో. "ఎండలో పెట్టాను. పొద్దున వచ్చి తీసుకుపోతానన్నాడు మీ అన్న. రాలేదు. నేను ఆస్పత్రికి వెళ్ళాను. నేనొచ్చేలోపు మీ అన్న రాలేదు, సరస్సు వచ్చింది."

వైనో వసారా వైపు చూశాడు.

"నాకు కనీసం ఫోన్ చెయ్యొచ్చుగా, పెట్టెలు తడుస్తున్నాయని? నేనేమన్నా పులినా?"

"కొంచెం," అన్నాడు వైనో.

ఆర్వో దగ్గు నటించాడు. హెల్మి పెదవి ఒక పక్కకి వంగబోయి ఆగింది. ఆమె ట్రెవారో వైపు తిరిగింది.

"నేను ఫోన్ చేసింది రోజూ పోస్తున్నాడని. రోజూ పొయ్యలేదు. ఆ ఒక్కరోజు సంగతి మేమూ మేమూ చూసుకుంటాం. ఎంతైనా కొన్నాళ్ళు బంధువులం." పార ఎత్తింది. "మీరు జరగండి బాబూ, గంజి మాడిపోతుంది."

ట్రెవారో గారు ఇంకేదో అనబోయి, తడిసిన బూట్లు చూసుకుని బండి ఎక్కాడు. వైనో ఒక్క క్షణం నిలబడి తాళాలతో లారీ వైపు నడిచాడు. ముందు ఊళ్ళో ఇంకా తొయ్యాల్సిన రోడ్డు ఉంది.

శనివారం మధ్యాహ్నం వైనో నడిచి వచ్చాడు, భుజాన పార, వెనకాల ఈడ్చుకుంటూ తన చేట. ఏ ఇంటి తలుపూ తట్టలేదు. హెల్మి వాకిలికి కాస్త ముందు, ఫిర్ చెట్ల దగ్గర గట్టు పక్కన నిలబడి తవ్వడం మొదలుపెట్టాడు. సైమా తమ వాకిట్లోంచి కాసేపు చూసింది. ఇప్పుడు ఆమె మంచునంతా ఎగువకి, ఇంటి వెనక్కి తోస్తోంది. ఎగువకి చేట జారదు. ఒళ్ళంతా నొప్పులు. అయినా ఆగలేక చేట తీసుకుని వెళ్ళింది.

"ఇదేంటి బాబాయ్?"

"గూడు." పార గట్టులో దింపాడు. "నీ కుప్ప ఒక్కటేనా, ఎగువ వాళ్ళందరిదీ కొంచెం కొంచెం వస్తుంది. సందు ఎక్కడుంటే అక్కడ పడుతుందన్నావుగా. సందు ఇక్కడ చేస్తే ఇక్కడే పడుతుంది."

ఇద్దరూ తవ్వారు. అతను పగలగొడితే ఆమె తోసింది. ఒకసారి పని మొదలైతే సైమాకి నోరు అంత కష్టంగా లేదు.

"లారీలోంచి ఏం కనిపిస్తుంది?"

"ఏమీ కనిపించదు. ముందు తెలుపు, పక్కన తెలుపు. రోడ్డెక్కడుందో కరెంటు స్తంభాలు చెప్పాలి."

"మరి హెల్మి అత్త ఇంటి దగ్గర నెమ్మదిస్తారు కదా?"

"అక్కడ వంపు. నెమ్మదించకపోతే తిన్నగా పోయి వాళ్ళ వంటింట్లో కాఫీ తాగాలి."

సైమా నవ్వింది. వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. "నిన్న ఎందుకు చెప్పేశారు? మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

వైనో పార మీద వాలాడు.

"నువ్వు మంచు తిన్నావు," అన్నాడు. "ఆ తర్వాత ఊరుకోవడం బాగోలేదు."

హెల్మి ఇంటి తెర కదిలింది. ఆమె బయటికి రాలేదు. కాఫీకి పిలవలేదు. గూడు సగమయ్యాక మాత్రం పెద్దపార తీసుకుని వచ్చి, అవతలి వైపు నుంచి తవ్వడం మొదలుపెట్టింది. వైనోకీ ఆమెకీ మధ్య మూరెడు గట్టు ఉండగా తవ్వారు. ఆ మూరెడు పోయాక ఒకరి పార ఒకరి పారకి తగిలింది. ఇద్దరూ పారలు వెనక్కి తీసుకున్నారు.

ఆ రాత్రి గాలి మళ్ళీ వాయవ్యానికి తిరిగింది. ఆదివారం పొద్దున సైమా వాకిలి కూడా తోయకుండా నేరుగా గూడు దగ్గరికి వెళ్ళింది. హెల్మి అప్పటికే తన గుమ్మంలో ఉంది, ఆస్పత్రి కోటు మీద చలికోటు వేసుకుని, పార పట్టుకుని, యుద్ధానికి వచ్చినట్టు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

పసుప్పచ్చ దీపం కనిపించింది. ఇనుము చప్పుడు. పక్కరెక్క ముందు మంచు దొంతర ఫిర్ చెట్ల పొడుగునా దొర్లుకుంటూ వచ్చింది. గూడు దగ్గరికి రాగానే తడబడినట్టయి, లోపలికి ఒరిగి, పొర్లి, ఆగిపోయింది. లారీ ఖాళీ రెక్కతో హెల్మి వాకిలి దాటింది. వాకిలి నోట్లో చెయ్యి వెడల్పు గీత మిగిలింది. హెల్మి దాన్ని బూటుతో పక్కకి నెట్టేసింది.

ఆమె పార వైపు చూసుకుంది. స్టార్టు చేసిన కారు వైపు చూసింది. ఇంకా చాలా టైముంది. ఏం చెయ్యాలో తోచనట్టు రోడ్డు మీదికి రెండడుగులు వేసింది. లారీ నెమ్మదిస్తూ వంపులోకి దిగుతోంది.

"మెల్లిగా పోవయ్యా!" అని అరిచింది హెల్మి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి. "కింద అంతా గాజులా ఉంది!"

ఇంజను మోతలో అతనికి వినపడే వీలే లేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. దీపం వంపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.